చేతిలో ఫోను, ముందున్న చదువు

(నెల్లూరు జిల్లా తీర మండలాల ముస్లిం విద్యార్థులు, తల్లిదండ్రులు, అధ్యాపకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈనాటి ప్రసంగాంశం విని కొందరు పెద్దలు ఆశ్చర్యపోయారు. ఒక పెద్దాయన సభ ప్రారంభానికి ముందే మమ్మల్ని పక్కకు పిలిచి, "పిల్లల చేతుల్లోంచి ఫోన్లు ఎలా లాక్కోవాలో చెబుతారనుకుని వచ్చాం. మీరేమో ఫోనులో ఆటలాడిస్తామంటున్నారు" అని నొచ్చుకున్నారు. ఆయన ఆవేదన న్యాయమైనదే. రాత్రి రెండు గంటల దాకా దుప్పటి కింద వెలిగే ఫోను వెలుతురును ఎరుగని ఇల్లు ఈ సభలో బహుశా ఒక్కటి కూడా లేదు. ఆన్‌లైన్ రమ్మీలో తండ్రి దాచుకున్న డబ్బు పోగొట్టిన కుర్రవాళ్ల సంగతులు మన వీధుల్లోనూ విన్నాం. కనుక ఫోనును పొగడడానికి మేము ఈ వేదిక ఎక్కలేదు. ఇప్పటికే మన పిల్లల చేతికి చేరిన ఈ వస్తువును వారి చదువుకు పనిచేయించడం సాధ్యమా, సాధ్యమైతే ఎంతవరకు, ఎవరికి అన్న ప్రశ్నను మీ ముందుంచడానికే వచ్చాం.

మేము ఈ తీర మండలాల డిగ్రీ విద్యార్థులకు సాయంత్రం వేళల్లో పాఠాలు చెప్పుకుంటున్న కొందరు అధ్యాపకులం. మమ్మల్ని ఈ దారి పట్టించినది ఒక చిన్న సంఘటన. బి.కాం. రెండవ సంవత్సరం చదువుతున్న ఒక అబ్బాయి అకౌంటెన్సీ పరీక్ష తప్పాడు. వాడు లెక్కల్లో చురుకైనవాడు. వాళ్ల నాన్నగారి కిరాణా కొట్టు చిట్టా వాడే రాస్తాడు. "ఎందుకు తప్పావు బాబూ" అని అడిగితే, "సార్, లెక్క నాకు వచ్చు. ప్రశ్నలో ఉన్న ఇంగ్లీషు మాట ఏమిటో తెలియలేదు" అన్నాడు. ఆ మాట 'డిప్రిసియేషన్'. కొట్టులోని ఫ్రిజ్ ఏటేటా విలువ కోల్పోతుందని ఆ అబ్బాయికి తెలుసు. తెలుగులో 'తరుగుదల' అంటే తెలుసు. ఇంట్లో తాతగారు 'ఫర్సూదగీ' అంటే దానికీ అర్థం తెలుసు. పరీక్ష అడిగింది మాత్రం మూడో మాట. తెలిసిన విద్యకు, వ్రాయవలసిన భాషకు నడుమ పడిన ఆ సందులో ఒక సంవత్సరం కూలిపోయింది. తరువాతి ఏడాది వాడు కళాశాలకు రాలేదు.

ఇది ఒక్క అబ్బాయి కథగా చూడకండి. రాష్ట్రంలో 2021-22 విద్యాసంవత్సరం నుండి డిగ్రీ కోర్సులన్నీ ఆంగ్ల మాధ్యమంలోనే నడపాలని ప్రభుత్వం నిర్ణయించింది. ఆంగ్లం రావాలన్న కోరికను మేము తప్పుపట్టం. మీలో ఎవరూ తప్పుపట్టరు. ఇంట్లో దక్కనీ ఉర్దూ, బడిలో తెలుగు లేదా ఉర్దూ మాధ్యమం, కళాశాలలో ఉన్నట్టుండి ఆంగ్లం, ఇలా మూడు మెట్లు ఎక్కవలసిన పిల్లవాడికి మధ్యలో పట్టుకోవడానికి పిట్టగోడ కూడా లేకపోవడమే మా అభ్యంతరం.

ఉన్నత విద్యలో మన స్థితి ఏమిటో మీకు తెలియనిది కాదు. 2006 నవంబరులో వచ్చిన సచార్ కమిటీ నివేదిక, దేశంలోని ప్రముఖ కళాశాలల్లో డిగ్రీ విద్యార్థులు 25 మందిలో ఒక్కరు, పి.జి. విద్యార్థులు 50 మందిలో ఒక్కరు మాత్రమే ముస్లింలని తేల్చింది. ఆ తరువాత కొంత మెరుగుదల కనిపించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2007 చట్టం ద్వారా బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషన్, దానికి తోడు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎన్నో ఇళ్లలో తొలి పట్టభద్రులను తయారు చేశాయి. ఈ సభలోనే అలాంటి వారు ఉన్నారు. అయితే అఖిల భారత ఉన్నత విద్యా సర్వే లెక్కల ప్రకారం 2019-20లో 21 లక్షలున్న ముస్లిం విద్యార్థుల సంఖ్య 2020-21లో 19.21 లక్షలకు పడిపోయింది. జనాభాలో 14 శాతానికి పైగా ఉన్న సమాజం ఉన్నత విద్యలో 4.6 శాతంగా మిగిలింది. పరిశోధక విద్యార్థులకు 2009 నుండి అందిన మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను 2022-23 నుండి కేంద్రం నిలిపివేసింది. చేరేవారే తక్కువగా ఉన్నప్పుడు, చేరినవారు ఒక మాట తెలియక మధ్యలో జారిపోవడం మనం భరించగలిగిన నష్టం కాదు.

ఇక ఆట దగ్గరకు వద్దాం. ఆటకూ చదువుకూ సంబంధమేమిటి?

మనం సాధారణంగా చదవడమంటే పుస్తకాన్ని మళ్లీ మళ్లీ తిరగేయడమనుకుంటాం. పరీక్షకు ముందు రాత్రి అదే పుట పదిసార్లు చదువుతాం. చదువుతున్నంతసేపు అంతా తెలిసినట్టే ఉంటుంది. అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో ఉన్న వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు దీనిని పరీక్షించి 2006లో ఫలితాలను ప్రకటించారు. కొందరు విద్యార్థుల చేత ఒక పాఠ్యభాగాన్ని పదేపదే చదివించారు. మరికొందరి చేత ఒక్కసారి చదివించి, ఆ పైన పుస్తకం మూసి గుర్తున్నది వ్రాయించారు. అయిదు నిమిషాల తరువాత అడిగితే పదేపదే చదివినవారే ముందున్నారు. వారం తరువాత అడిగితే సంగతి తారుమారైంది. పదేపదే చదివినవారికి 40 శాతం గుర్తుంటే, పుస్తకం మూసి గుర్తుచేసుకున్నవారికి 61 శాతం గుర్తుంది. మనసులోకి వేసుకోవడం కంటే మనసులోంచి బయటకు తీయడమే విషయాన్ని స్థిరపరుస్తుందని ఈ ప్రయోగ సారాంశం.

ఈ మాట పాశ్చాత్యులు చెబితేగానీ మనకు తెలియదా? మన మద్రసాల్లో ఖురాన్‌ను కంఠస్థం చేసే పిల్లవాణ్ణి చూడండి. ప్రతిరోజూ కొత్తగా నేర్చే భాగం 'సబక్'. గడచిన కొద్ది రోజుల పాఠాలను అప్పజెప్పడం 'సబకీ'. ఎప్పుడో పూర్తిచేసిన పాత భాగాలను వరుస తప్పకుండా తిరిగి వినిపించడం 'మంజిల్'. కొత్తది, నిన్నటిది, పాతది, మూడూ ఏ రోజుకారోజు ఉస్తాద్ ముందు చూడకుండా అప్పజెప్పాలి. తడబడిన చోటికి మళ్లీ రావాలి. వందల పుటల గ్రంథం ఒక బాలుడి హృదయంలో నిలిచిపోవడానికి ఈ క్రమమే కారణం. 1970లలో జర్మన్ భాషా రచయిత సెబాస్టియన్ లైట్నర్ ప్రచారంలోకి తెచ్చిన అట్టముక్కల పెట్టె పద్ధతి కూడా దీనికి దగ్గరిదే. ప్రశ్నను ఒకవైపు, జవాబును మరొకవైపు వ్రాసిన ముక్కలను గళ్లు చేసిన పెట్టెలో పెడతారు. సరిగ్గా చెప్పినది వెనుక గడికి పోయి ఆలస్యంగా మళ్లీ వస్తుంది. తప్పినది ముందు గడికి వచ్చి రేపే ఎదురవుతుంది. ఈనాడు ఫోనులో నడిచే అంకీ వంటి ఉచిత అప్లికేషన్లు ఆ పెట్టెనే లోపల దాచుకున్నాయి. హాఫిజ్ అయిన పిల్లవాడు డిగ్రీలో చేరి "నాకు చదువు గుర్తుండదు" అంటే మేము నమ్మం. గుర్తుపెట్టుకునే విద్య అతనికి వచ్చు. దానిని ఆర్థికశాస్త్రానికీ రసాయనశాస్త్రానికీ వాడుకోవచ్చని అతనికి ఎవరూ చెప్పలేదు, అంతే.

ఆట ఈ క్రమానికి ఒక ఉత్సాహాన్ని జోడిస్తుంది. గెలుపు, ఓటమి, మళ్లీ ప్రయత్నం, పై మెట్టు. పరీక్షలో తప్పితే సంవత్సరం పోతుంది. ఆటలో తప్పితే తరువాతి క్షణంలో మరో అవకాశం వస్తుంది. తప్పు చేయడానికి భయపడే తొలితరం విద్యార్థికి, తరగతిలో చెయ్యెత్తడానికి జంకే అమ్మాయికి, ఎవరూ నవ్వకుండా తప్పులు చేయగల చోటు దొరకడం చిన్న విషయం కాదు.

అయితే ఎలాంటి ఆట అన్నది ముఖ్యం. ఇక్కడ రెండు ఉదాహరణలు చెబుతాం.

మాథ్యూ కామ్ అనే పరిశోధకుడు బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఉండగా తన బృందంతో కలసి ఉత్తర భారత గ్రామాల పిల్లలకు సెల్‌ఫోను ఆటల ద్వారా ఆంగ్లం నేర్పే ప్రయత్నం మొదలుపెట్టారు. దానికి 'మిల్లీ' అని పేరు. పాశ్చాత్య వీడియో ఆటల నమూనాలో తయారుచేసిన ఆటలు ఆ పిల్లలకు సహజంగా తోచలేదు. పరిశోధకులు తప్పును పిల్లల మీదకు నెట్టలేదు. పల్లెల్లో పిల్లలు మట్టిలో ఆడుకునే ఆటలను పరిశీలించి, వాటి నియమాల ఆధారంగా తమ ఆటలను మార్చుకున్నారు. వారి ప్రయత్నం బడి పిల్లలకు సంబంధించినదైనా, అందులోని పాఠం మన కళాశాలలకూ వర్తిస్తుంది. ఆట అనేది ఆడేవాడి నేల మీద నిలబడాలి. అష్టాచెమ్మా, పులిజూదం, వామనగుంటలు ఎరిగిన నేల మనది. చదరంగం అరబ్బుల ద్వారానే ఐరోపాకు చేరిందని చరిత్ర చెబుతుంది. ఎత్తుకు పై ఎత్తు ఆలోచించడం మనకెవరో కొత్తగా నేర్పవలసిన విద్య కాదు.

రెండవది 'ఫోల్డిట్'. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో ఉన్న ఒక విశ్వవిద్యాలయం 2008లో దీనిని విడుదల చేసింది. ఇది కంప్యూటర్ ఆట. మాంసకృత్తుల అణువులు ఎలా మడత పడతాయో ఆటగాళ్లు పొడుపుకథలా విప్పాలి. కోతులలో ఎయిడ్స్ వంటి వ్యాధికి సంబంధించిన ఒక వైరస్ ఎంజైము నిర్మాణం శాస్త్రవేత్తలకు ఏళ్ల తరబడి కొరుకుడుపడలేదు. ఆటగాళ్లు మూడు వారాల్లో దానికి దారి చూపారు. 2011లో ఆ ఫలితం శాస్త్ర పత్రికలో వెలువడింది. ఆ ఆటగాళ్లలో చాలామంది జీవరసాయన శాస్త్రం చదివినవారు కారు. ఆట అంటే ప్రశ్నకు నాలుగు జవాబుల్లో ఒకటి నొక్కడం మాత్రమే కాదని, నిర్ణయం తీసుకుని దాని ఫలితాన్ని కళ్లారా చూడటం కూడా ఆటేనని దీనివల్ల గ్రహించాలి.

మన తీరానికే వద్దాం. ఇక్కడి నుండి మైపాడు దాకా, ముత్తుకూరు దాకా దారికిరువైపులా రొయ్యల గుంటలే. మన కుటుంబాల వారు అనేకులు ఆ గుంటల కాపలాలో, మేత పనిలో, ఐసు లారీల మీద బతుకుతున్నారు. రాత్రంతా నీటిలోని ప్రాణులన్నీ ఆక్సిజన్‌ను వాడుకుంటూ పోతాయి. చీకటిలో నాచు దానిని తయారు చేయలేదు. కనుక తెల్లవారుజామున నీటిలో కరిగిన ఆక్సిజన్ అట్టడుగుకు చేరుతుంది. రొయ్యలు పైకి తేలుతాయి. ఏరేటరు ఎప్పుడు వెయ్యాలో గుంట కాపలాదారు కొడుక్కి తెలుసు. ఆక్వాకల్చర్ చదివే అదే కొడుకు పరీక్షలో దానిని సూత్రంగా వ్రాయలేకపోతున్నాడు. అటువంటి విద్యార్థుల చేతనే మేము ఒక ఆట రూపకల్పన చేయించాం. ఆటగాడికి ఒక గుంట, కొంత పెట్టుబడి, కరెంటు కోతల రాత్రులు ఇస్తారు. మేత ఎంత, ఏరేటరు ఎప్పుడు, నీటి మార్పిడి ఎన్నాళ్లకు అన్న నిర్ణయాలు అతనివి. ప్రతి నిర్ణయం పక్కన దాని శాస్త్రీయ కారణం ఆంగ్లంలోనూ తెలుగులోనూ కనిపిస్తుంది. ఇంకా అది కాగితం మీదే ఎక్కువగా ఉంది. ఫోనులో నడిచేది ఒక చిన్న భాగమే. కాని దానిని తయారుచేస్తూ ఆ పిల్లలు పాఠం మొత్తాన్ని తమకు తెలియకుండానే చదివేశారు.

ముందు చెప్పిన అబ్బాయి సంఘటన తరువాత మేము చేసిన మొదటి పని మూడు భాషల పదాల ముక్కలు. ఆంగ్ల పారిభాషిక పదం, దాని తెలుగు, దాని ఉర్దూ, మన ఊరి అనుభవం నుండి ఒక వాక్యం. 'అసెట్' అంటే ఆస్తి, అసాసా. 'లయబిలిటీ' అంటే చెల్లించవలసిన బాధ్యత, వాజిబాత్. ఇందుకు కొత్తగా పదాలు కనిపెట్టవలసిన అవసరం లేదు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ పారిభాషిక పదకోశాలను ఇచ్చింది. అంతకు అర్ధ శతాబ్దం ముందే హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూ మాధ్యమంలో ఆధునిక శాస్త్రాలను బోధించడానికి 1917లో దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ ఏర్పడి, వేలాది శాస్త్ర పదాలను ఉర్దూలో నిర్మించింది. మన పూర్వులు విశ్వవిద్యాలయ స్థాయిలో సాధించిన ఆ పనిని మన పిల్లలు ఫోను తెర మీద చిన్న ఎత్తున కొనసాగిస్తున్నారు. 2022లో ఉర్దూకు ఈ రాష్ట్రంలో రెండవ అధికార భాష హోదా వచ్చింది. హోదా చట్టంలో ఉంటే చాలదు. ఒక బి.కాం. విద్యార్థికి అది అక్కరకు రావాలి.

ఇక మా తప్పుల గురించి చెప్పాలి. సఫలమైనవి మాత్రమే చెప్పడం ఉపన్యాసకుల అలవాటు. మా తప్పులు మీకు ఎక్కువ ఉపయోగపడతాయని మా నమ్మకం.

మొదటిసారి మేము తరగతిలో పోటీ ఆట పెట్టాం. తెర మీద ప్రశ్న, ఇరవై సెకన్ల గడువు, త్వరగా జవాబిచ్చినవారికి ఎక్కువ మార్కులు, చివర పేర్లతో సహా వరుస. గది అంతా కేరింతలు. మేమూ సంతోషించాం. రెండు వారాల తరువాత చూసుకుంటే ఎప్పుడూ ఆ నలుగురైదుగురే పైన. వారి ఫోన్లు కొత్తవి, నెట్టు వేగం ఎక్కువ. అందరికన్నా అడుగున రోజూ ఒకే పేరు. ఆ అమ్మాయి మూడవ వారం నుండి రావడం మానేసింది. ఇంటికి వెళ్లి అడిగితే వాళ్లమ్మ చెప్పింది: "ఆ ఫోను దానిది కాదు సార్, వాళ్ల అబ్బాది. ఆయన పోర్టు పని నుండి వచ్చేసరికి రాత్రి తొమ్మిదవుతుంది. క్లాసుకు పక్కింటి ఫోను అడిగి తీసుకొస్తా ఉండింది." జవాబు తెలిసిన అమ్మాయిని మేము వేగం పేరిట అందరి ముందూ తెలియనిదాన్ని చేశాం. ఆ తప్పు మాది.

అప్పటి నుండి పద్ధతి మార్చాం. గడియారం తీసేశాం. పేర్ల వరుస తీసేశాం. ఎవరికి వారు తమ నిన్నటి మార్కుతో పోటీపడాలి. తరగతిలో ఆడితే నలుగురికి ఒక ఫోను, నలుగురూ చర్చించి ఒక జవాబు చెప్పాలి. నెట్టు లేకుండా నడిచే అప్లికేషన్లనే వాడాలి. ఫోను లేనివారికి అవే ప్రశ్నలు అట్టముక్కల మీద, చెప్పుల డబ్బాలో గళ్లు చేసి ఇవ్వాలి. ఆ అమ్మాయి తిరిగి వచ్చింది. ఇప్పుడు తన జట్టులో ముక్కలు వ్రాసేది ఆమే.

ఫోను ఎవరిదన్న ప్రశ్న మన ఇళ్లలో చాలా లోతైనది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన మహిళలు నూటికి 21 మంది. పురుషులు నూటికి 48.8 మంది. ఈ తేడా ఒక్క ముస్లింలది కాదు, మొత్తం రాష్ట్రానిది. అయినా మన ఇంటి సంగతి మనం మాట్లాడుకోవాలి. పదవ తరగతి తప్పిన అన్న చేతిలో రోజంతా ఫోను ఉంటుంది. డిగ్రీ చదివే చెల్లెలు అర్ధగంట అడిగితే "ఎవరితో మాట్లాడాలి" అని ప్రశ్నిస్తాం. ఇఖ్రా అన్న ఆజ్ఞతో మొదలైన ధర్మం మనది. ఆ ఆజ్ఞ అబ్బాయిలకు మాత్రమే రాలేదు. ఇక్కడున్న అబ్బాలను, అమ్మీలను మేము ఒక్కటే కోరుతున్నాం. ఇంట్లో ఒక్క ఫోనే ఉంటే మగ్రిబ్ నమాజు తరువాత ఒక గంట అది చదువుకుంటున్న కూతురిది. ఆ గంటలో ఆమె ఏమి చేస్తోందో పక్కన కూర్చుని చూడండి, తప్పులేదు. చూస్తే మీకూ నాలుగు మాటలు వస్తాయి.

పెద్దలు లేవనెత్తిన మరో ప్రశ్న, ఆట ధర్మసమ్మతమా అన్నది. ఫత్వా ఇచ్చే అర్హత మాకు లేదు. అది ఉలమాల పని. మాకు తెలిసినంతలో జూదం నిషిద్ధమని ఖురాన్ స్పష్టంగా చెప్పింది. మేలుచేసే అభ్యాసానికీ జూదానికీ మధ్య ఉన్న గీత మన పెద్దలకు కొత్త కాదు. ఇప్పుడు దేశ చట్టం కూడా ఆ గీత గీసింది. 2020లోనే మన రాష్ట్రం ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆటలన్నిటినీ నిషేధిస్తూ, విద్యాపరమైన ఆటలను ప్రోత్సహించాలని చెప్పింది. అయినా మోసపోకండి. ఉచితమని చెప్పే అనేక ఆటల్లో నిమిషానికొక ప్రకటన వస్తుంది. ఆ ప్రకటన వెనుక మళ్లీ ఏదో ఒక పందెం దాక్కుని ఉంటుంది. పిల్లలు ఏ ఊరు, ఏ వయసు, ఎప్పుడు మేలుకుంటారు, ఏది నొక్కుతారు అన్న వివరాలను పోగుచేసే ఆటలున్నాయి. ప్రకటనలు లేనివి, ఫోన్ నంబర్ల చిట్టా అడగనివి, ఎంతసేపు ఆడినా డబ్బు అడగనివి మాత్రమే ఎంచుకోవాలి. ఇరవై నిమిషాలకు మించి ఆడవలసిన అవసరం ఏ విద్యాభ్యాస ఆటకూ లేదు. ఆట ముగిశాక పుస్తకం తెరవాలి. పుస్తకం తెరిపించలేని ఆట మనకు అక్కరలేదు.

ఆటకు ఉన్న పరిమితిని కూడా నిజాయితీగా చెప్పుకుందాం. పదాలను, సూత్రాలను, వర్గీకరణలను గుర్తుంచుకోవడానికి ఆట బాగా తోడ్పడుతుంది. నిర్ణయాల ఆట విషయంలోని కార్యకారణాలను చూపుతుంది. పది పుటల వ్యాసం వ్రాయడం, ఒక వాదాన్ని నిలబెట్టడం, ప్రయోగశాలలో చేయి తిరగడం ఆట వల్ల రావు. వాటికి అధ్యాపకుడు కావాలి, గ్రంథాలయం కావాలి, తీరిక కావాలి.

అందుకే ఈ సభ ద్వారా ఒక హెచ్చరిక కూడా చేస్తున్నాం. "మీ చేతిలో ఫోను ఉంది కదా, ఇక మీకేమి లోటు" అని రేపు ఎవరైనా అనవచ్చు. ఖాళీగా ఉన్న ఉర్దూ అధ్యాపక పోస్టుకు అప్లికేషన్ ప్రత్యామ్నాయం కాదు. ఆగిపోయిన ఫెలోషిప్‌కు ఆటలోని నాణేలు బదులు కావు. సమయానికి రాని ఫీజు రీయింబర్స్‌మెంట్ వల్ల సర్టిఫికెట్లు చేతికందని విద్యార్థికి ఏ ఆటా ఉద్యోగం ఇప్పించలేదు. మనం ఆటను అడుగుతున్నది హక్కును వదులుకుని కాదు. ఆ హక్కు కోసం పోరాడేంత కాలం మన పిల్లవాడు కళాశాలలో నిలబడి ఉండటానికి.

కనుక కొన్ని ప్రతిపాదనలు మీ ముందుంచుతున్నాం. డిగ్రీ మొదటి సంవత్సరంలో తెలుగు, ఉర్దూ మాధ్యమాల నుండి వచ్చిన విద్యార్థులకు వారధి తరగతులు నిర్వహించాలని, మూడు భాషల పదకోశాలను ఉచితంగా ఫోనులో అందుబాటులో ఉంచాలని ఉన్నత విద్యామండలిని, విక్రమ సింహపురి విశ్వవిద్యాలయాన్ని కోరదాం. కళాశాలల్లో ఉచిత వైఫై, పాత ఫోన్లు, ట్యాబులు ఇచ్చిపుచ్చుకునే నిధి ఉండాలని యాజమాన్యాలను కోరదాం. మన వంతుగా, ప్రతి మస్జిద్ కమిటీ తన ఆవరణలోనో పక్కనో ఒక గది, రెండు దీపాలు, ఒక నెట్టు కనెక్షన్ సాయంత్రం పూట విద్యార్థులకు కేటాయించాలి. అందులో ఆడపిల్లలకు వేరుగా వేళలు ఉండాలి. ఇందులో దేనికీ కోట్లు అక్కరలేదు.

చివరగా మా యువ మిత్రులకు ఒక మాట. మన నెల్లూరులో ముహర్రం మాసంలో స్వర్ణాల చెరువు గట్టున బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగ జరుగుతుంది. ఆ ఆచారంపై మనలో ఎవరి అభిప్రాయం ఎలా ఉన్నా, అందులోని ఒక పద్ధతి మనందరికీ తెలుసు. చదువు కోరుకునేవారు నీళ్లలో నిలబడి విద్యా రొట్టె అందుకుంటారు. కోరిక తీరినవారు తరువాతి ఏడాది తిరిగి వచ్చి, అదే రొట్టెను మరొకరికి ఇస్తారు. హిందువు ముస్లిముకు ఇస్తాడు, ముస్లిము హిందువుకు ఇస్తాడు. ఎవరికి ఇస్తున్నామో ఎవరూ అడగరు.

ఈ ఏడాది పరీక్ష గట్టెక్కిన ప్రతి విద్యార్థీ తాను తడబడిన యాభై మాటలను, వాటి అర్థాలను ముక్కలుగా వ్రాసి వచ్చే ఏడాది పిల్లలకు అందించాలి. మా దగ్గర ఇప్పుడున్న ముక్కలన్నీ అలా వచ్చినవే. వాటిలో 'డిప్రిసియేషన్' ముక్కను వ్రాసిచ్చింది, పరీక్ష తప్పి చదువు మానేసిన ఆ అబ్బాయే. కొట్టులో కూర్చుని వ్రాసి పంపాడు. ఉదాహరణ వాక్యంగా తన ఫ్రిజ్ సంగతే పెట్టాడు. వాడు మళ్లీ పరీక్షకు ఫీజు కట్టాడని నిన్ననే తెలిసింది. వాడి కోసం మీరంతా దువా చేయండి.